రంగుల మ్యాప్ చూసి మాత్రలు మానేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో 'గుండెకు త్రీడీ మ్యాప్, ఏఎఫ్ నుంచి శాశ్వత విముక్తి' అని పెద్ద అక్షరాలతో ఒక వార్త వేశారు. ఏఎఫ్ అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పై గదులు, అంటే కర్ణికలు, లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు. పక్కనే అరచేతి వెడల్పు రంగుల బొమ్మ కూడా ఉంది. నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ని, అంటే గుండెలోకి సన్నని తీగలు పంపి వైద్యం చేసే గదిలో పనిచేస్తాను. అలాంటి బొమ్మలు తయారుచేసే కంప్యూటర్ ముందు కూర్చోవడమే నా ఉద్యోగం. మా పని గురించి పేపర్లో రావడమే అరుదు కాబట్టి కాఫీ చల్లారిపోతున్నా వదలకుండా చదివాను. సగం దాకా బాగానే రాశారు. శీర్షికతోనూ, బొమ్మతోనూ, 'మందులతో పనిలేని జీవితం' అన్న ఆఖరి పేరాతోనూ నాకు పేచీ ఉంది.

పేచీ ఎందుకో ముందే చెప్పేస్తాను. ఈ వారం ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. విజయనగరం అవతల పల్లెటూరు. కిందటేడు మా దగ్గరే ఏఎఫ్‌కి అబ్లేషన్, అంటే గుండెలోకి తీగ పంపి లోపలి కండరాన్ని కొంత కాల్చే వైద్యం, చేయించుకున్నారు. మీ పేపరు ముక్క నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చుకున్నారు. "అమ్మా, నాకు మేపు తీసేసినారు గదా, బాగైపోయినట్టే గదా, మరింక ఈ రక్తం పలచన బిళ్లలెందుకు? పేపర్లో కూడా రాసేసినారు. ఆదివారం నుంచి మానేసినాను" అన్నారు. ఆయనకి డెబ్బై దాటాయి, బీపీ ఉంది, షుగర్ ఉంది. డాక్టర్ గారు అన్ని పనులూ పక్కనపెట్టి ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడి, అక్కడే నీళ్లిచ్చి మాత్ర వేయించారు. ఆయన వరకు సరే. అదే పేజీ చదివి, అదే పని చేసి, మా ఓపీకి రాని వాళ్ల గురించే నా టెన్షన్.

ముందు బొమ్మ సంగతి. మీరు వేసింది ఏఎఫ్ మ్యాప్ కాదండీ, ఫ్లట్టర్ మ్యాప్. కుడి కర్ణికలో వచ్చే మరో రకం లయ తప్పడం అది. మా పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఒక్క చూపులో పట్టేస్తారు. ఎరుపుతో మొదలై, పసుపు, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదాలోకి వెళ్లి, ఆ ఊదా వచ్చి మళ్లీ మొదటి ఎరుపునే తాకుతుంది. కరెంటు ఒక కవాటం చుట్టూ గుండ్రంగా, ఆగకుండా తిరుగుతోందని దానర్థం. బొమ్మ మారితే ఏమైందిలే, టెక్నీషియన్ చాదస్తం అనుకోవద్దు. ఈ రెంటి మధ్య తేడా తెలిస్తే ఆ శీర్షిక ఎందుకు పెట్టకూడదో మీకే తెలుస్తుంది.

మ్యాప్ అనగానే చాలామంది రోగులు సీటీ స్కాన్ లాంటిదేదో అనుకుంటారు. సొరంగంలోకి పంపిస్తే ఫొటో వచ్చేస్తుందనుకుంటారు. అలా కాదు. రోగి వీపుకీ ఛాతీకీ ప్యాచ్‌లు అంటిస్తాం. బల్ల కింద అయస్కాంత క్షేత్రం పుట్టించే కాయిల్స్ ఉంటాయి. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని తీగలు, వాటినే క్యాథటర్లు అంటాం, గుండెలోకి వెళతాయి. ఏఎఫ్‌కైతే పని ఎడమ కర్ణికలో ఉంటుంది కాబట్టి రెండు కర్ణికల మధ్య గోడకి సూదితో చిన్న రంధ్రం చేసి అటు దాటాలి. క్యాథటర్ కొసలో ఉన్న సెన్సర్ ఆ అయస్కాంత క్షేత్రంలో తను ఎక్కడుందో ఒక మిల్లీమీటరు తేడా లేకుండా చెబుతుంది. అదే కొసనున్న ఎలక్ట్రోడ్ అక్కడి కండరం ఎంత వోల్టేజీ ఇస్తోందో, ఎప్పుడు ఇస్తోందో చెబుతుంది. డాక్టర్ క్యాథటర్‌ని గది గోడల వెంట తిప్పుతూ ఉంటే, ఇటు నా స్క్రీన్ మీద చుక్క చుక్కగా గది ఆకారం పైకి లేస్తుంది. ఎక్స్‌రే వాడకం బాగా తగ్గేది కూడా దీనివల్లే. మా నడుములు విరగ్గొట్టే ఆ సీసపు ఏప్రాన్‌ని పక్కన పడేసే రోజు కోసం మేమంతా ఎదురుచూస్తున్నాం, అది వేరే సంగతి.

ఈ పద్ధతి 1990లలో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పుట్టింది. మొదట్లో క్యాథటర్‌కి ఒక్కటే కొస. ఒక్కో చోట ఆనించి, బీట్ కోసం ఆగి, ఒక్కో పాయింట్ తీసుకోవాలి. వంద పాయింట్లు పోగయ్యేసరికి గంట గడిచేది. ఇప్పుడు ఉంగరంలా చుట్టుకున్నవి, చీపురు పుల్లల్లా విచ్చుకునేవి, బుట్టలా తెరుచుకునేవి, రకరకాల క్యాథటర్లు వచ్చాయి. ఒకేసారి పదుల ఎలక్ట్రోడ్లు ఆనుతాయి, పది పదిహేను నిమిషాల్లో వేల పాయింట్లు వచ్చి పడతాయి. పాయింట్లు ఎక్కువైన కొద్దీ మ్యాప్ మంచిదనుకుంటారు. కానీ చెత్త పాయింట్లు ఏరేయడమే మా పనిలో సగం. క్యాథటర్ గోడకి ఆనకుండా గాల్లో, అంటే రక్తంలో, తేలుతూ ఇచ్చిన సిగ్నల్‌ని కంప్యూటర్ నమ్మితే, మంచి కండరాన్ని కూడా చచ్చిన కండరంగా రంగు వేసేస్తుంది. రోగి దగ్గినా, మత్తులో గురకపెట్టి కదిలినా మ్యాప్ జరిగిపోతుంది. అప్పుడు డాక్టర్ "షిఫ్ట్ అయిందా?" అని ఒక్క మాట అడుగుతారు, నేను "అవును సార్" అంటాను, ల్యాబ్‌లో అందరూ ఒక నిట్టూర్పు విడుస్తారు. కొంత మళ్లీ మొదలు.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. మేం మామూలుగా రెండు రకాల మ్యాప్‌లు గీస్తాం. ఒకటి టైమింగ్ మ్యాప్. కరెంటు ముందు చేరిన చోట ఎరుపు, ఆఖర్న చేరిన చోట ఊదా. రెండోది వోల్టేజీ మ్యాప్. అందులో ఊదా అంటే ఆరోగ్యంగా ఉన్న కండరం, ఎరుపు అంటే మచ్చకట్టి బలహీనపడింది. సాధారణ లయలో ఉన్నప్పుడు కర్ణికలో సగం మిల్లీవోల్టు కన్నా తక్కువ వస్తే ఆ చోటిని అనుమానిస్తాం. అంటే ఒకే ఎరుపుకి ఒక బొమ్మలో ఒక అర్థం, ఇంకో బొమ్మలో ఇంకో అర్థం. మీ వార్తలో 'ఎర్రగా కనిపించేదే జబ్బు ఉన్న చోటు' అని రాశారు. మీరు వేసిన టైమింగ్ బొమ్మకి ఆ మాట అసలు అతకదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టైమింగ్ మ్యాప్ గీయాలంటే లయ ఎంత వేగంగా ఉన్నా ఫరవాలేదు, ప్రతిసారీ ఒకే దారిలో తిరగాలి. ఎందుకంటే వేల పాయింట్లు ఒకే క్షణంలో తీసుకోం. ఒక బీట్‌లో ఇక్కడ, ఇంకో బీట్‌లో అక్కడ తీసుకుని, అన్నిటినీ ఒకే బీట్‌లో తీసుకున్నట్టు కలిపి కుడతాం. మా పక్క వాళ్లకైతే ఇలా చెబుతుంటాను. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమాను, అదే అమ్మవారి జాతరలో ఊరేగించే పొడుగాటి మాను, తిరుగుతుంది కదా. పైడితల్లి గుడి నుంచి కోట దాకా, మళ్లీ వెనక్కి, మూడుసార్లు, అదే దారి. మొదటిసారి గుడి దగ్గర నిలబడి, రెండోసారి మధ్యలో నిలబడి, మూడోసారి కోట దగ్గర నిలబడి టైము రాసుకున్నా సరే, దారంతా గీసేయొచ్చు. ఫ్లట్టర్ అలాంటిది. అదే రోజు ఆ లక్షల మంది జనంలో ఎవరు ఎటు తోసుకున్నారో, ఎవరి వెనక ఎవరు పడ్డారో గీయమంటే? ఈ క్షణం గీసింది మరుక్షణానికి పనికిరాదు. ఏఎఫ్ అది. కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 సార్లు కరెంటు అలలు చెల్లాచెదురుగా లేస్తాయి, ఢీకొంటాయి, చీలిపోతాయి. ఏ రెండు బీట్లూ ఒకలా ఉండవు. కలిపి కుట్టడానికి దారమే దొరకదు.

అందుకే ఫ్లట్టర్‌లో మ్యాప్ చూపించిన దారికి అడ్డంగా ఒక గీత కాల్చితే కళ్ల ముందే లయ ఆగిపోతుంది. ల్యాబ్‌లో చప్పట్లు కొట్టాలనిపించే క్షణం అది. ఏఎఫ్‌లో మాత్రం 'ఇదిగో ఇక్కడే జబ్బు' అని వేలు పెట్టి చూపించే మ్యాప్ మామూలు వైద్యంలో ఇంకా లేదు. మీ శీర్షిక చదివినవాళ్లు మాత్రం ఉందనే అనుకుంటారు.

మరి ఏఎఫ్‌కి అబ్లేషన్ దేన్ని పట్టుకుని చేస్తున్నారని అడగొచ్చు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ ఐసగేర్ అనే డాక్టరూ ఆయన బృందమూ 1998లో ఒక విషయం బయటపెట్టారు. ఏఎఫ్ మాటిమాటికీ వచ్చిపోయే 45 మందిలో, దాన్ని రాజేసే తొలి బీట్ ఎక్కడ పుడుతోందో క్యాథటర్లతో వెతికారు. దొరికిన 69 చోట్లలో 65, ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకి రక్తం తెచ్చే పల్మనరీ సిరల్లోనే ఉన్నాయి. కర్ణిక కండరం కొంత దూరం ఆ సిరల్లోకి కూడా పాకి ఉంటుంది, నిప్పురవ్వ అక్కడే రాజుకుంటోంది. ఇది కూడా మ్యాపింగే, నిజానికి మా పనిలో అంతకన్నా గొప్ప మ్యాపింగ్ జరగలేదని నా అభిప్రాయం. రంగుల బొమ్మ లేకుండా, కాగితం మీద గీతలు చూసి పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఏఎఫ్ అబ్లేషన్ అంటే ముఖ్యంగా ఒకటే పని. ఆ సిరల మూతుల చుట్టూ వలయంగా కాల్చి, కర్ణికకీ సిరకీ మధ్య కరెంటు సంబంధం తెంచేయడం. జబ్బు మీ ఒంట్లో ఎక్కడుందో వెతికి కాల్చడం కాదు, ఎక్కువమందికి ఎక్కడి నుంచి మొదలవుతుందో ఆ చోటిని అందరికీ విడదీయడం.

మరి నా మ్యాప్ ఎందుకూ? ఉపయోగం ఉంది, చాలా ఉంది. సిరలు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటాయి, కొందరికి ఎడమ పక్క రెండూ కలిసి ఒకే మూతిగా వస్తాయి. వలయం ఎక్కడ గీయాలో ఆకారం చెబుతుంది. కాల్చిన ప్రతి చోటా ఒక చుక్క పడుతుంది కాబట్టి రెండు చుక్కల మధ్య సందు మిగిలిందేమో తెలుస్తుంది. కాల్చాక ఉంగరం క్యాథటర్‌ని సిరలో పెట్టి చూస్తాం. అంతసేపూ టకటకా కొట్టుకున్న సిర సిగ్నల్ ఒక్కసారిగా గీత అయిపోతే సిర విడిపోయినట్టు. ఏడాది రెండేళ్లకి జబ్బు తిరగబెట్టి రెండోసారి వచ్చినవాళ్లకి మ్యాప్ ఇంకా బాగా పనికొస్తుంది. చాలాసార్లు పాత వలయంలో ఎక్కడో ఒక సందు మళ్లీ తెరుచుకుని ఉంటుంది. మ్యాప్ దాన్ని పట్టిస్తుంది, అక్కడొక్క చోట కాల్చితే సరిపోతుంది. అబ్లేషన్ తర్వాత ఏఎఫ్ పోయి, దాని బదులు ఒకే దారిలో తిరిగే వేరే లయ పట్టుకుంటే అది సిరిమాను రకం కాబట్టి అక్కడా మ్యాప్ రాజే.

ఏఎఫ్‌లో దొంగని నేరుగా పట్టుకునే ప్రయత్నాలు జరగలేదని కాదు. 64 ఎలక్ట్రోడ్ల బుట్టని కర్ణికలో విప్పి, తుపానులకి సుడి ఉన్నట్టు ఏఎఫ్‌ని నడిపించే సుళ్లు ఇవిగో అని చూపించే పద్ధతి ఒకటి 2012 ప్రాంతంలో అమెరికాలో వచ్చింది. మొదటి ఫలితాలు చూసి ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేసి సరిచూస్తే, సిరలు మాత్రమే విడదీసినవాళ్లకీ వీళ్లకీ తేడా కనిపించలేదు. 2015లో వచ్చిన స్టార్ ఏఎఫ్-2 అనే పరిశోధన ఇంకా పెద్దది. ఎడతెగకుండా ఏఎఫ్‌లోనే ఉండిపోయిన 589 మంది. కొందరికి సిరలు మాత్రమే విడదీశారు, కొందరికి దానితోపాటు మ్యాప్‌లో చిందరవందర సిగ్నల్స్ కనిపించిన చోట్లు కూడా కాల్చారు, కొందరికి అదనంగా గీతలు కాల్చారు. ఏడాదిన్నరకి చూస్తే ఏఎఫ్ తిరగబెట్టనివాళ్లు వరుసగా 59, 49, 46 శాతం. ఎక్కువ కాల్చినందువల్ల ఒరిగిందేమీ లేదు.

ఇది చాలదన్నట్టు 2016లో ఫైర్ అండ్ ఐస్ అనే పరిశోధన. వచ్చిపోయే ఏఎఫ్ ఉన్న 762 మంది. సగం మందికి త్రీడీ మ్యాప్ పెట్టుకుని వేడితో చుక్క చుక్కగా కాల్చారు. మిగతా సగానికి సిర మూతిలో బెలూన్ పెట్టి ఒకేసారి గడ్డకట్టించారు, దానికి త్రీడీ మ్యాపే అక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి వైద్యం ఫలించనివాళ్లు రెండు వైపులా దాదాపు 35 శాతమే. నా అన్నం నేనే తన్నుకుంటున్నానని మా వాళ్లు నవ్వుతారు గానీ, పేపర్లో రాసేటప్పుడు ఇది కూడా రాయాలి కదా. ఇప్పుడు వేడీ చలీ కాకుండా, రెప్పపాటు కన్నా తక్కువసేపు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి కండరాన్ని చంపే పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి వచ్చింది. అమెరికాలో 2023 డిసెంబరులో మొదటిసారి అనుమతి దొరికింది. కర్ణిక వెనకే ఆనుకుని ఉండే అన్నవాహిక కాలే భయం ఇందులో బాగా తక్కువ. అక్కడ కూడా ముందు విడదీసేది ఆ సిరల్నే.

ఆశ లేదా అంటే ఉంది. 2025లో టైలర్డ్ ఏఎఫ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఎడతెగని ఏఎఫ్ ఉన్న సుమారు 370 మందిలో సగం మందికి, సిరలు విడదీయడంతోపాటు ఏ చోటి సిగ్నల్స్ కాల్చదగినవో కృత్రిమ మేధ చేత చెప్పించి కాల్చారు. ఏడాదికి ఏఎఫ్ లేనివాళ్లు వాళ్లలో 88 శాతం, సిరలు మాత్రమే విడదీసినవాళ్లలో 70 శాతం. నేను చదివి కుర్చీలోంచి లేచాను. కానీ ఏఎఫ్ ఒక్కటే కాకుండా ఏ రకం లయ తప్పడమైనా లెక్కలోకి తీసుకుంటే, ఒక్క ప్రొసీజర్ తర్వాత రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. సమయమూ ఎక్కువే పట్టింది. మీ విలేకరి బహుశా మొదటి అంకెనే చూసి ఉంటారు.

అబ్లేషన్ దండగ అని నేనంటున్నట్టు ఎవరూ అనుకోవద్దు. బ్రిటన్‌లో 126 మంది మీద చేసిన పరిశోధన 2024లో వచ్చింది. అందులో సగం మందికి ల్యాబ్‌లోకి తీసుకెళ్లి, మత్తిచ్చి, చేసినట్టే చేసి పంపించారు. నిజంగా చేయించుకున్నవాళ్లకి ఏఎఫ్‌లో గడిచే సమయమూ తగ్గింది, ఆయాసం, దడ, నీరసమూ తగ్గాయి. అంటే ఇది మనసుకి మాత్రమే కలిగే ఉపశమనం కాదు. మెట్లు ఎక్కలేకపోయిన మనిషి ఆరు నెలల తర్వాత సింహాచలం మెట్లెక్కి దర్శనం చేసుకుని ప్రసాదం తెచ్చి ఇవ్వడం నేను చూశాను. గుండె బలం తగ్గినవాళ్లలో కొందరికి ప్రాణమే నిలబెడుతుంది. ఎవరికి చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నది డాక్టర్లు చెప్పాల్సిన మాట. నా బాధ శీర్షికలోని ఆ ఒక్క మాట గురించే. 'శాశ్వత'.

ఎందుకంటే ఏఎఫ్ చంపేది ఎక్కువగా దడతో కాదు, పక్షవాతంతో. కర్ణిక సరిగ్గా ముడుచుకోక రెపరెపలాడుతున్నప్పుడు, ఎడమ కర్ణికకి వేలాడే ఒక చిన్న సంచిలో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. కవాటం జబ్బు లేనివాళ్లలో గడ్డ దొరికేది దాదాపు ఎప్పుడూ ఆ సంచిలోనే. అది జారి మెదడుకి వెళితే ఒక పక్క పడిపోతుంది. ఏఎఫ్ ఉన్నవాళ్లకి ఈ ముప్పు లేనివాళ్లకన్నా సుమారు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో దశాబ్దాలపాటు జనాన్ని పరిశీలించి తేల్చారు. దాన్ని ఆపేది మ్యాప్ కాదు, రోజూ వేసుకునే ఆ రక్తం పలచన మాత్ర. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్, గుండె బలం, ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా అన్నవాటిని లెక్కేసి నిర్ణయిస్తారు. అబ్లేషన్ బాగా జరిగిందన్న కారణంతో ఆ లెక్క చెరిగిపోదు. అబ్లేషన్ తర్వాత తొలి రెండు మూడు నెలలు ఎంత చిన్న వయసువాళ్లయినా మాత్ర ఆపకూడదు, కాల్చిన చోటు మానే కాలం అది. ఏడాదిపాటు జబ్బు తిరగబెట్టలేదని పరీక్షల్లో తేలిన 840 మంది మీద కొరియాలో చేసిన పరిశోధన 2025లో వచ్చింది. మాత్ర ఆపినవాళ్లకి నష్టం కలగకపోగా రక్తస్రావాలు తగ్గాయి. మంచి వార్తే. ముందుముందు కొందరికి మాత్రల బాధ తప్పొచ్చు. అయితే వాళ్లు ఏడాది ఆగారు, ఈసీజీలూ, ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ పరీక్షలూ చేయించుకున్నారు, డాక్టర్ చెబితే ఆపారు. ఆదివారం పేపరు చదివి సోమవారం ఆపలేదు.

దడ లేదు కాబట్టి ఏఎఫ్ లేదనుకోవడం ఇంకో ప్రమాదం. అబ్లేషన్ తర్వాత ఏఎఫ్ వచ్చిపోతున్నా తెలియనివాళ్లు చాలామంది ఉంటారు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా మరో మాట రాయాలి, మీ వార్తలో ఇది అసలు లేదు. అమెరికా యూరప్‌లలో ఏఎఫ్ అంటే ఎక్కువగా పెద్దవయసు జబ్బు. మా ల్యాబ్‌కి శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్లు కూడా ఏఎఫ్‌తో వస్తారు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, తర్వాత కీళ్లవాపు జ్వరం వచ్చి, అది గుండె కవాటాన్ని కుంచింపజేసి, ఓ ఇరవై ఏళ్ల తర్వాత ఏఎఫ్‌గా తేలుతుంది. ఫ్రేమింగ్‌హామ్ లెక్కలోనే వీళ్లకి పక్షవాతం ముప్పు ఐదు రెట్లు కాదు, 17 రెట్లు. వీళ్లకి ముందు చూడాల్సింది కవాటం. బెలూన్‌తో తెరవాలా, మార్చాలా అన్నది తేలాలి. మ్యాప్ గురించి ఆలోచించేది ఆ తర్వాత. వీళ్ల మాత్ర కూడా వేరు. రక్తపరీక్ష అక్కర్లేని కొత్తరకం మాత్రల్లో ఒకటి వీళ్లకి సరిపడుతుందా అని 24 దేశాల్లో నాలుగున్నర వేల మంది మీద పరీక్షించారు. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న డాక్టర్ గణేశన్ కార్తికేయన్ అందులో ముఖ్యులు. 2022లో ఫలితం వచ్చింది. పాత వార్ఫరిన్ జాతి మందు వేసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. కాబట్టి వీళ్లు అసిట్రోమ్ లాంటి పాతకాలపు మాత్రే వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ, ఆ అంకెని రెండుకీ మూడుకీ మధ్య ఉంచుకోవాలి. తోటకూర, మునగాకు పూర్తిగా మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తిని, ఇంకో వారం అసలు ముట్టకపోతే ఐఎన్ఆర్ గంతులేస్తుంది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర ఇంకా ప్రమాదం, కడుపులో రక్తస్రావం కావచ్చు. కొండ మీద ఊళ్ల నుంచి ఐఎన్ఆర్ కోసం దిగి రావడానికి బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోతాయి. మీ పేజీలో రాయాల్సినవి ఇలాంటివి ఎన్నో ఉన్నాయి.

నాడి చూసుకోవడం గురించి ఒక చిన్న పెట్టె కట్టి వేసినా మంచిదే. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి ఒక నిమిషం చూస్తే చాలు. వేగంగా ఉండటం వేరు, ఒక వరుస లేకుండా అడ్డదిడ్డంగా ఉండటం వేరు. రెండోది కనిపిస్తే దగ్గర్లో ఎక్కడైనా ఈసీజీ తీయించుకోవాలి. ఏఎఫ్ అని తేల్చడానికి త్రీడీ మ్యాప్ అక్కర్లేదు, ఆ కాగితం ముక్క సరిపోతుంది. ఈసీజీ తీసేసరికి ఏఎఫ్ దాక్కుంటే, ఒకరోజో కొన్ని రోజులో ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ ఉంది.

కోరేది రెండే. ఒకటి, రక్తం పలచబడే మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా ఆపవద్దని వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే చోట, కాస్త కనబడే అక్షరాలతో వేయండి. లోపలి పేజీ అడుగున సవరణ వేస్తే మా పెద్దాయనలాంటి వాళ్ల కంటపడదు. రెండు, బొమ్మ మార్చండి. కావాలంటే, రోగి ఒప్పుకుని మా డాక్టర్ గారు సరేనంటే, పేరూ వివరాలూ తీసేసి అసలైన ఏఎఫ్ అబ్లేషన్ మ్యాప్ ఒకటి పంపిస్తాను. చూడ్డానికి మీరు వేసినంత అందంగా ఉండదు. ఎక్కువ భాగం ఊదా, అక్కడక్కడా ఎరుపు, సిరల చుట్టూ గుండ్రంగా చుక్కలు, అంతే.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి పేరు అచ్చువేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్,
విశాఖపట్నం